సీడ్ పత్తి చేన్లో పిల్లలు దొరికితే రైతుకు కోత సరే, విదేశీ కంపెనీకి ఏ చట్టం?

గట్టు_పిలగాడు (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికి నమస్తే. మాది గద్వాల దిక్కు. ఇంట్ల సీడ్ పత్తి, అంటే కంపెనీకి ఇచ్చే విత్తనం కోసం పత్తి, ఏస్తం. ఈసారి ఆర్గనైజర్ (కంపెనీకి, మాకు నడుమ ఉండే మనిషి) కొత్త అగ్రిమెంటు కాయితం తెచ్చిండు. పద్నాలుగేండ్ల లోపు పిల్లలు చేన్ల కనిపిస్తే ప్యాకెట్ రేటుల కోత, మళ్ల కనిపిస్తే వచ్చే ఏడు ఫౌండేషన్ సీడ్ (మేము ఏసే మూల విత్తనం) ఇయ్యరట. మంచిదే, పిల్లలు బడికి పోవాలె, దాంట్ల నాకు పేచీ లేదు. కాని కాయితం మొత్తం తిరగేసిన, కంపెనీ మీద ఒక్క షరతు లేదు. రేటు ఎంతనో రాయలే, "సీజనులో నిర్ణయించబడును" అంట. జీవోటీ (విత్తనం ఏసి కల్తీ లేదని చూసే టెస్టు) ఫెయిలయిందని చెప్తే ఆ టెస్టు మాకు చూపిస్తరా లేదా, అదీ లేదు.

కంపెనీ అసలు ఆఫీసు యూరప్‌ల ఉన్నది. ఇక్కడున్నది దాని కొమ్మ. నేను హైదరాబాద్‌ల చదువుతున్న. మా లెక్చరర్ ఒకాయన మల్టీనేషనల్ కంపెనీలకు మానవ హక్కుల బాధ్యత అంతర్జాతీయ చట్టంల ఉన్నదని క్లాసుల చెప్పిండు. ఉంటే ఏడున్నది? ఆ చట్టం మా చేను దాకా ఎందుకు రాదు? తెలిసినోళ్లు జర చెప్పుండ్రి.

మోడరేటర్

చర్చ బాగుంది, ఉంచుతున్నాం. మీ సొంత అనుభవంలోని కంపెనీల, ఆర్గనైజర్ల పేర్లు రాయకండి. కోర్టు రికార్డుల్లో ఉన్న కేసులైతే రాయొచ్చు.

నల్లగొండ_వకీలు

తమ్ముడూ, మీ లెక్చరర్ గారు చెప్పింది ఉంది, కానీ ఆయన చెప్పినంత గట్టిగా లేదు.

అంతర్జాతీయ చట్టం దేశాలు దేశాలతో రాసుకున్నది. ఒప్పందం మీద సంతకం పెట్టేది దేశమే, కట్టుబడేదీ దేశమే. పిల్లల పని గురించి ఐఎల్ఓ (అంతర్జాతీయ కార్మిక సంస్థ) ఒప్పందాలు రెండున్నాయి, 138, 182. మన దేశం రెంటినీ 2017లో ఆమోదించింది. వాటి కింద జవాబు చెప్పాల్సింది ఢిల్లీ. నీ కంపెనీ వాటి మీద సంతకం పెట్టలేదు, పెట్టే వీలు కూడా లేదు.

మరి కంపెనీలను నేరుగా పట్టుకునే ప్రయత్నం జరగలేదా అంటే జరిగింది. ఐక్యరాజ్యసమితిలోని ఒక ఉపసంఘం 2003లో కంపెనీలకు నేరుగా వర్తించే నియమావళి ముసాయిదా తయారుచేసింది. పై సంఘం 2004లో దాన్ని పక్కన పెట్టింది. కంపెనీల సంఘాలూ ఒప్పుకోలేదు, చాలా ప్రభుత్వాలూ ఒప్పుకోలేదు. ఆ తర్వాత జాన్ రగ్గీ అనే హార్వర్డ్ ప్రొఫెసర్‌కు పని అప్పగిస్తే ఆయన కొన్నేళ్లు తిరిగి, అందరినీ కలిసి 31 సూత్రాలు రాశాడు. 2011 జూన్‌లో మానవ హక్కుల మండలి వాటిని ఏకగ్రీవంగా ఆమోదించింది. ఇవాళ ఎవరు మాట్లాడినా వాటి గురించే. సారం ఇంతే: ప్రజలను కాపాడటం ప్రభుత్వం విధి, హక్కులను గౌరవించటం కంపెనీ బాధ్యత, హాని జరిగినవాడికి పరిహారం దొరకాలి.

ప్రభుత్వానికి "విధి" అన్నారు, కంపెనీకి "బాధ్యత" అన్నారు. కావాలనే అన్నారు. విధి తప్పితే చట్టం తప్పినట్టు. బాధ్యత తప్పితే మాట పోయినట్టు. రగ్గీ ఆ తేడా ఒప్పుకున్నాడు కాబట్టే ఆ కాగితం గట్టెక్కింది.

పాలమూరు_లేబర్

వకీలు సాబ్, అంటే ఉత్త కాయితమన్నట్టు.

మా నాయిన దేశంల ఎన్ని ప్రాజెక్టులున్నయో అన్నింటి మీద మట్టి మోసిండు. ఆనాడు పెద్ద కాంట్రాక్టర్‌ను కూలోళ్లు ఎప్పుడన్న చూసిండ్రా? చూడలే. చూసింది గుంపు మేస్త్రిని. అడ్వాన్సు ఇచ్చేది ఆయన, తిట్టేది ఆయన, కూలి ఎగ్గొట్టేది ఆయన. మనిషి సచ్చిపోతే కాంట్రాక్టర్ "నాకు తెల్వదు, మేస్త్రిని అడుగుండ్రి" అంటడు. మేస్త్రి రాత్రికి రాత్రి మాయమైతడు. ఈ సీడు కంపెనీది గదే కథ. కంపెనీ, దాని కింద ఆర్గనైజర్, ఆయన కింద సబ్ ఆర్గనైజర్, ఆయన కింద రైతు, రైతు కింద కైకిలి పిల్ల. శిక్ష మాత్రం కింది నుంచి మొదలైతది.

గట్టు_పిలగాడు

గదే అన్నా నేను అడిగేది.

మల్దకల్_పంతులమ్మ

నేను ఈ ప్రాంతంలో ప్రభుత్వ బడిలో పనిచేస్తాను. బయటివాళ్లకు తెలియదు కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

సీడ్ పత్తిలో అసలు పని క్రాసింగ్. సాయంత్రం పూట ఆడ మొక్కల మొగ్గ విప్పి లోపలి పుప్పొడి కాడలు గోటితో తీసేయాలి. మర్నాడు పొద్దున్నే మగ పూలు కోసుకొచ్చి ఆ కీలాగ్రం మీద రుద్దాలి. ఒక్కో మొగ్గకూ ఇలా చేతితోనే చేయాలి. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ఒక్కరోజు కూడా ఆపే వీలుండదు, పూత ఆగదు కదా. మామూలు పత్తికీ దీనికీ కూలీల లెక్కలో పోలికే లేదు. పిల్లల వేళ్లు సన్నగా ఉంటాయి, మొక్క ఎత్తుకు సరిపోతారు అని చెప్పే మాట నేను రైతుల నోటా విన్నాను, చదువుకున్నవాళ్ల నోటా విన్నాను. అదంతా వట్టిది. పెద్దవాళ్లు చేయలేని పనేం కాదది. పిల్లలకు కూలి తక్కువ, ఎదురు చెప్పరు, అడ్వాన్సు తల్లిదండ్రులకు ఇస్తే సీజన్ అంతా వస్తారు. అందులోనూ ఆడపిల్లలే ఎక్కువ. ఇరవై ఏళ్ల కిందటితో పోలిస్తే తగ్గిన మాట నిజం. పోలేదు.

సెప్టెంబరులో నా ఎనిమిదో తరగతిలో ఆడపిల్లల బెంచీలు చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది. ఆ బెంచీలు కూడా ఒక విత్తన కంపెనీ సీఎస్ఆర్ (కంపెనీ సామాజిక బాధ్యత ఖర్చు) కింద ఇచ్చినవే. గోడకు రంగు వేసి బోర్డు కూడా పెట్టారు.

నల్లగొండ_వకీలు

మేడం, ఆ బెంచీల మాట మంచి చోటుకు తెచ్చింది. మన కంపెనీల చట్టం 2013, సెక్షన్ 135 ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీ లాభంలో రెండు శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. మనవాళ్లు దాన్నే కంపెనీ బాధ్యత అనుకుంటున్నారు. రగ్గీ సూత్రాలు సరిగ్గా ఈ పొరపాటునే కాదన్నాయి. ఒకచోట మంచి పని చేశాం కాబట్టి ఇంకోచోట హక్కుల ఉల్లంఘన చెల్లిపోయిందని చెప్పటానికి వీల్లేదని పదకొండో సూత్రం వివరణలో రాసి ఉంది. బెంచీ ఇవ్వటం దానం. ఆ బెంచీ మీద కూర్చోవాల్సిన పిల్ల తన విత్తనపు చేన్లో ఉండకుండా చూడటం బాధ్యత. మొదటిదానికి ఫొటో తీస్తారు.

సీడు_మనిషి

నేను ఆర్గనైజర్‌ను. అందరు మమ్మల్ని దొంగల లెక్క చూస్తున్రు కాబట్టి రాస్తున్న.

పాలమూరాయన మేస్త్రి అన్నడు, సరే. మేస్త్రికి పైన ఎవడున్నడో కూడ చూడుండ్రి. కంపెనీ నాకు ఇన్ని ప్యాకెట్లు కావాలె అని టార్గెట్ ఇస్తది. రేటు వాళ్లే చెప్తరు. నేను రైతుకు పెట్టుబడి ముందే ఇయ్యాలె, బయట మిత్తికి తెచ్చి ఇస్తున్న. జీవోటీ వాళ్ల దగ్గర్నే అయితది. ఫెయిల్ అంటే ఫెయిలే, నాకు కూడ రిపోర్టు చూపియ్యరు. నాకు పైసలు నెలల తరబడి ఆపిన కంపెనీ ఉన్నది. ఇంకొక మాట, పెద్దోళ్ల కైకిలి ఇచ్చి క్రాసింగ్ చేయిస్తే ఆ రేటుకు రైతుకు ఏం మిగలదు. ఇది అందరికి తెలుసు, కంపెనీ సార్లకు ఇంకా బాగ తెలుసు. తెలిసే గా రేటు పెడ్తరు, తెలిసే పిల్లలుండొద్దని రాస్తరు.

మళ్ల చట్టం అంటున్రు. 2016ల మార్చిన చట్టంల సొంత కుటుంబం పనిల పిల్లలు బడి అయినంక సాయం చేయొచ్చని ఉన్నది. సగం చేన్లల్ల ఉండేది సొంత పిల్లలే.

నల్లగొండ_వకీలు

ఉంది. కానీ సగమే చెప్పారు. ఆ మినహాయింపు బడి వేళలు అయ్యాక గానీ సెలవుల్లో గానీ చేసే, ప్రమాదం లేని సాయానికే. క్రాసింగ్ సీజన్ దసరా సెలవులు చూసి రాదు. పొద్దున్నే పుప్పొడి రుద్దే పిల్ల బడి గంటకు బడిలో ఉండదు. అయితే ఆ చట్టంలో కుటుంబం అంటే అమ్మానాన్నలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లతో పాటు మేనత్త, మేనమామ, చిన్నాన్న, పిన్ని కూడా వస్తారు. మన ఊళ్లలో ఈ లెక్కన ఎవరి చేను సొంత చేను కాదు? లేబర్ ఆఫీసర్ వస్తే ప్రతి పిల్లా ఎవరికో ఒకరికి మేనకోడలే. ఈ సందు వదిలింది పార్లమెంటు, కంపెనీ కాదు. అందుకే కాపాడే విధి మొదట ప్రభుత్వానిదని నేను పట్టుబట్టేది.

రేటు గురించి మీరన్నది మాత్రం ఈ చర్చలో ఇప్పటిదాకా వచ్చిన అన్ని మాటల్లోకీ పెద్ద మాట.

ఆడిట్_అమ్మాయి_మిర్యాలగూడ

నేను హైదరాబాద్‌లో ఒక విదేశీ సంస్థకు సప్లయర్ ఆడిట్లు చేస్తాను. విత్తనాలు కాదు, వేరే రంగం. లోపలి నుంచి చూసినదాన్ని కాబట్టి రెండు మాటలు.

ఈ రకం షరతు నిన్నమొన్న పుట్టలేదు. 2003లో నెదర్లాండ్స్‌లోని ఇండియా కమిటీ కోసం దావులూరి వెంకటేశ్వర్లు గారు మన పత్తి విత్తన చేన్లలో బాలకార్మికుల మీద అధ్యయనం చేశారు. అందులో విదేశీ కంపెనీల పేర్లు బయటికొచ్చాయి. 2004లో జర్మన్‌వాచ్, ఇంకా కొన్ని సంస్థలు కలిసి జర్మన్ కంపెనీ బేయర్ మీద జర్మనీ ప్రభుత్వం దగ్గర ఫిర్యాదు చేశాయి. ఆధారం ఓఈసీడీ, అంటే ఎక్కువగా ధనిక దేశాలున్న కూటమి, బహుళజాతి కంపెనీల కోసం రాసిన మార్గదర్శకాలు. అవి 1976 నుంచి ఉన్నాయి. వాటిని ఒప్పుకున్న ప్రతి దేశమూ ఇలాంటి ఫిర్యాదులు వినటానికి ఒక జాతీయ కార్యాలయం పెట్టాలి. మన దేశం అందులో లేదు, కానీ కంపెనీ పుట్టిన దేశం ఉంటే అక్కడ ఫిర్యాదు చేయొచ్చు. ఆ కార్యాలయం శిక్ష వేయదు, ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడిస్తుంది. 2007లో ఆ ఫైలు మూసేశారు. ఈలోపు కంపెనీ చేన్ల తనిఖీలు పెట్టింది, పిల్లలు లేకుండా పండించిన రైతుకు కొంచెం ఎక్కువ ధర, దొరికితే కోత పెట్టింది.

అంటే గద్వాల చేన్ల సంగతి మీద జర్మనీలో ఫైలు నడిచింది. పనిచేయలేదని చెప్పలేం, అప్పటి నుంచి పిల్లల సంఖ్య తగ్గిందనే చాలామంది అంటారు. కానీ గమనించండి, ఒప్పందంలోకి వచ్చింది ఏమిటి? కోత వచ్చింది. కోత తేలిక, దాన్ని రైతు మీద రాయొచ్చు. ధర ఎవరు, ఎప్పుడు, ఏ లెక్కతో నిర్ణయిస్తారో ఒప్పందంలోకి రాలేదు. అది కంపెనీ మీద రాయాల్సింది.

మా ఆడిట్లూ ఇంతే. చెక్‌లిస్టులో "బాలకార్మికులు ఉన్నారా" అని ఉంటుంది. "మీరిచ్చే ధరకు పెద్దవాళ్ల కూలి గిట్టుతుందా" అనే ప్రశ్న నేను పనిచేసిన ఏ చెక్‌లిస్టులోనూ చూడలేదు.

పాలమూరు_లేబర్

చెల్లె, నువ్వు మంచిగ చెప్పినవ్. ఆడిట్‌కు వచ్చేముందు ఫోన్ చేసి వస్తరా?

ఆడిట్_అమ్మాయి_మిర్యాలగూడ

చాలాసార్లు అవునన్నా.

పాలమూరు_లేబర్

గంతే మరి.

చౌటుప్పల్_బోరునీళ్లు

పత్తి ఒక్కటే కాదు సార్. మా దిక్కు మందుల ఫ్యాక్టరీలున్నయి. బోరు వేస్తే రంగు నీళ్లు, వాసన. మా బావిలోని నీళ్లు పొలానికి పెట్టడం మానేసినం. పొల్యూషన్ బోర్డోళ్లు వస్తరు, సీసాలల్ల నీళ్లు పట్టుకపోతరు. ఇక్కడ తయారైన మందు యూరప్‌కు, అమెరికాకు పోతది, కొనేటోళ్లు పేరున్న కంపెనీలు. మరి వాళ్లకు మా బోరుతోటి సంబంధం లేదా? పటాన్‌చెరు సంగతి మీకు తెలిసే ఉంటది. 2007ల స్వీడన్ పరిశోధకులు అక్కడి శుద్ధి ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్లల్ల సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నదని తేల్చిండ్రు. అది మనిషి రక్తంల మందు వేసుకున్నప్పుడు ఉండేదానికన్న ఎక్కువ. ప్రపంచం మొత్తం రాసిండ్రు. మా దిక్కు ఎవ్వరు రాయలే, అందుకు మేము లేనట్టేనా?

నల్లగొండ_వకీలు

సంబంధం ఉందనే రగ్గీ సూత్రాలు అంటాయి. కంపెనీ హానికి తానే కారణం కావచ్చు, తోడ్పడి ఉండొచ్చు, లేదంటే తన వ్యాపార సంబంధాల ద్వారా ఆ హానితో ముడిపడి ఉండొచ్చు. మూడు సందర్భాల్లోనూ ఏదో ఒక పని చేయాలి. కొనేవాడు మూడో రకం. ఆర్గనైజర్ గారు చెప్పినట్టు, తక్కువ ధర పెట్టి, పిల్లలు తప్ప దారిలేదని తెలిసీ పెట్టిన కంపెనీ నా దృష్టిలో రెండో రకం. తోడ్పడినట్టే. మూడో రకమని వాదించటానికి వాళ్ల లాయర్లు ఉంటారు, అది వేరే సంగతి.

కోర్టు కావాలంటే చూడాల్సింది ఒకటుంది. జాంబియాలో చింగోలా దగ్గర రాగి గని. దాని మురుగు నీళ్లతో పంటలు, నీళ్లు పాడయ్యాయని 1,826 మంది గ్రామస్తులు లండన్‌లో కేసు వేశారు. గని నడిపేది అక్కడి కంపెనీ, దాని మాతృసంస్థ వేదాంత. మన అనిల్ అగర్వాల్‌దే. 2019 ఏప్రిల్‌లో బ్రిటన్ సుప్రీంకోర్టు ఈ కేసు ఇంగ్లండ్‌లో నడవొచ్చని చెప్పింది. ఎందుకు చెప్పిందో చూడండి. మా అనుబంధ సంస్థలన్నిటిలో పర్యావరణ ప్రమాణాలు మేమే చూస్తాం, శిక్షణ ఇస్తాం, అమలు చేయిస్తాం అని మాతృసంస్థ తన సుస్థిరత నివేదికలో గొప్పగా రాసుకుంది. ఆ రాతల్నే కోర్టు ముందుకు తెచ్చారు. రెండోది, జాంబియాలో అంత పెద్ద కేసు నడిపే డబ్బుగానీ అనుభవమున్న లాయర్లుగానీ ఆ పేదలకు దొరకరని కోర్టు ఒప్పుకుంది. తప్పెవరిదని ఆ తీర్పు తేల్చలేదు, కేసు ఎక్కడ నడవాలో మాత్రమే తేల్చింది. చివరికి 2021లో బాధ్యత ఒప్పుకోకుండానే రాజీ చేసుకున్నారు. నైజీరియా చమురు కాలుష్యం మీద షెల్ కేసులోనూ 2021లో అదే కోర్టు ఇదే దారిలో పోయింది.

కాబట్టి చౌటుప్పల్ అన్నా, పెద్ద కంపెనీల వెబ్‌సైట్లలో సుస్థిరత నివేదికలు చదవండి. ఎన్ని గొప్పలుంటే మనకు అంత మంచిది.

సూర్యాపేట_సంశయం

ఇవన్నీ ఆఫ్రికా కథలు. మనకు భోపాల్ ఏం నేర్పింది? 1984 డిసెంబరులో జరిగింది. మన ప్రభుత్వమే అమెరికా కోర్టుకు పోయింది. 1986లో న్యూయార్క్ జడ్జి ఇది ఇండియాలో తేల్చుకోండి అని పంపించాడు. మనవాళ్లు 330 కోట్ల డాలర్లు అడిగి 1989లో 47 కోట్ల డాలర్లకు రాజీపడ్డారు. యూనియన్ కార్బైడ్ కంపెనీ అధిపతి యాండర్సన్ ఒక్కరోజు కూడా ఇక్కడి కోర్టులో విచారణకు నిలబడకుండానే 2014లో పోయాడు. ఇంకా డబ్బు కావాలని ఆఖరి అర్జీగా కేంద్రం వేసిన క్యూరేటివ్ పిటిషన్‌ను 2023లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అంత పెద్ద హత్యాకాండకే ఇది గతి. మీరు ఎనిమిదో తరగతి పిల్ల కోసం అంతర్జాతీయ చట్టం వెతుకుతున్నారు.

నల్లగొండ_వకీలు

కాదనను. భోపాల్‌లో రెండు తలుపులూ మూసుకున్నాయి. అయితే అమెరికా తలుపు సంగతి ఇంకొంచెం ఉంది, మన చేనుకు దగ్గరగా కూడా ఉంది.

1789 నాటి చిన్న చట్టం ఒకటి, విదేశీయులు అంతర్జాతీయ చట్టం ఉల్లంఘనల మీద అమెరికా కోర్టుల్లో దావా వేయొచ్చని. రెండు వందల ఏళ్లు ఎవరూ పట్టించుకోలేదు. 1980 తర్వాత మానవ హక్కుల లాయర్లు దాన్ని బయటికి తీశారు. బర్మా గ్యాస్ పైపులైన్ దగ్గర సైన్యం చేయించిన వెట్టిచాకిరీ మీద యూనోకాల్ కంపెనీ రాజీకి దిగింది కూడా. ఆ తర్వాత సుప్రీంకోర్టు ఒక్కొక్క మేకూ కొడుతూ వచ్చింది. 2013లో షెల్ కేసులో, విదేశంలో జరిగినదానికి ఈ చట్టం మామూలుగా వర్తించదంది. 2018లో విదేశీ కంపెనీల మీద వేయటానికి వీల్లేదంది. 2021లో నెస్లే, కార్గిల్ కేసు. ఐవరీకోస్ట్ కోకో తోటల్లో చిన్నప్పుడు బానిసల్లా పనిచేయించారని మాలి దేశపు ఆరుగురు వేసినది. కంపెనీలు రైతులకు డబ్బు, శిక్షణ, ఎరువులు ఇచ్చేవి, పంట కొనేవి. అచ్చం మన సీడ్ ఆర్గనైజర్ పద్ధతే. అమెరికాలో కూర్చుని తీసుకున్న మామూలు వ్యాపార నిర్ణయాలు సరిపోవని కోర్టు కొట్టేసింది.

గట్టు_పిలగాడు

అంటే కోర్టుల కూడ "మేస్త్రిని అడుగుండ్రి" అనే అన్నరు.

పాలమూరు_లేబర్

😂 చదువుకున్నోడివి అనిపించుకున్నవ్ తమ్మీ.

నల్లగొండ_వకీలు

నాకు అసలు మండేది వేరే. అంతర్జాతీయ చట్టం దేశాలకే వర్తిస్తుంది, కంపెనీ అందులో మనిషి కాదు అంటారు కదా. హక్కుల దగ్గరికొచ్చేసరికి కంపెనీ మనిషే అవుతుంది. పెట్టుబడి ఒప్పందాలు చూడండి. కంపెనీ దేశాన్ని నేరుగా అంతర్జాతీయ ట్రిబ్యునల్‌కు ఈడ్చవచ్చు. వోడాఫోన్ పన్ను గొడవలో 2020లో మన ప్రభుత్వం ఓడింది. అదే ఏడాది డిసెంబరులో బ్రిటన్ చమురు కంపెనీ కెయిర్న్‌కు 120 కోట్ల డాలర్లు కట్టమని తీర్పొచ్చింది. కట్టకపోయేసరికి 2021లో పారిస్‌లో మన ప్రభుత్వ ఆస్తుల మీదికి జప్తుకు పోయారు. ఆ ఆగస్టులోనే పార్లమెంటు ఆ పాత పన్నునే ఎత్తేసింది.

లాభం పోతే కంపెనీకి ట్రిబ్యునల్ ఉంది, జప్తు ఉంది. పిల్ల బడి పోతే ఉన్నది సూత్రాలు. 1998లో అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు పెట్టేటప్పుడు కంపెనీలను కూడా చేర్చుదామని ఫ్రాన్స్ అడిగింది, ఒప్పుకోలేదు. మనుషులనే విచారిస్తుంది ఆ కోర్టు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత నూరెంబర్గ్‌లో ఐజీ ఫార్బెన్ రసాయన కంపెనీ సంగతీ అంతే, డైరెక్టర్లను బోనెక్కించారు, కంపెనీని కాదు.

ఆడిట్_అమ్మాయి_మిర్యాలగూడ

సార్, దేశాల కోర్టులు మాత్రం కంపెనీని నిందితుడిగా నిలబెడుతున్నాయి. సిరియాలో ఫ్యాక్టరీ నడవటానికి సాయుధ ముఠాలకు డబ్బిచ్చినందుకు లఫార్జ్ సిమెంట్ కంపెనీ 2022లో అమెరికాలో నేరం ఒప్పుకుని 77 కోట్ల 80 లక్షల డాలర్లు కట్టటానికి సిద్ధపడింది. ఫ్రాన్స్‌లో మానవత్వంపై నేరాలకు సహకరించిందన్న అభియోగం కూడా ఉంది. మా మిర్యాలగూడ దిక్కు సిమెంట్ వాసన పీల్చి పెరిగినదాన్ని, అందుకే ఈ కేసు వదలకుండా చదివాను.

సూర్యాపేట_సంశయం

సరే, ఒప్పందం మాటేమిటి? జెనీవాలో ఏదో రాస్తున్నారట కదా.

నల్లగొండ_వకీలు

రాస్తూనే ఉన్నారు. 2014లో ఈక్వెడార్, దక్షిణాఫ్రికా తీర్మానం పెట్టాయి, కంపెనీలను కట్టిపడేసే ఒప్పందం రాద్దామని. 20 అనుకూలం, 14 వ్యతిరేకం, 13 తటస్థం. మన దేశం అనుకూలంగా ఓటేసింది. అమెరికా, యూరప్ దేశాలు వ్యతిరేకం. అంటే పెద్ద కంపెనీలు పుట్టిన దేశాలు ఒప్పుకోలేదు. ముసాయిదాల మీద ముసాయిదాలు వచ్చాయి, ఒప్పందం రాలేదు. నేను దాని కోసం కాచుకుని కూర్చోను.

మన ప్రభుత్వానికి ఇష్టముంటే చేయగలదని ఒక్క ఉదాహరణ, మన దగ్గరిదే. బీటీ పత్తి విత్తనం 450 గ్రాముల ప్యాకెట్ 1,600 రూపాయలు దాటినప్పుడు, అందులో పెద్ద భాగం అమెరికా కంపెనీ మోన్‌శాంటో రాయల్టీ అని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2006లో గుత్తాధిపత్యాన్ని అడ్డుకునే ఎంఆర్‌టీపీ కమిషన్‌కు పోయింది. ఆ ఏడే ప్యాకెట్ 750కి దిగింది. అది కొనే రైతు కోసం. విత్తనం పండించే రైతు కోసం అలా ఎవరూ పోలేదు.

సీడు_మనిషి

ఇది మాత్రం నూటికి నూరు నిజం. ప్యాకెట్ అమ్మకం రేటు మీద సర్కారు కూసుంటది. పండించినోడి రేటు కంపెనీ ఇష్టం.

మల్దకల్_పంతులమ్మ

ఇంత చర్చలో గట్టు బాబు అడిగినదానికి జవాబు రాలేదు. ఇప్పుడు అతను ఏం చేయాలి?

ఆడిట్_అమ్మాయి_మిర్యాలగూడ

తమ్ముడూ, నీ కంపెనీ జర్మనీదైతే ఒక దారి ఉంది. 2023 జనవరి నుంచి అక్కడ సరఫరా గొలుసు చట్టం (సరుకు వచ్చే దారంతా హక్కుల సంగతి కంపెనీ చూసుకోవాలనే చట్టం) అమల్లో ఉంది. మొదట 3,000 మంది ఉద్యోగులున్న కంపెనీలకు, 2024 నుంచి 1,000 మంది ఉన్నవాటికి. బాలకార్మికం అందులో పేరు పెట్టి రాసిన విషయం. కంపెనీ ఫిర్యాదుల విధానం పెట్టాలి, అది నీలాంటి కింది మెట్టు మనిషికి కూడా తెరిచి ఉండాలి. ఫిర్యాదు చేసినవాడి వివరాలు గోప్యంగా ఉంచాలి, కక్ష సాధించకుండా కాపాడాలి. పట్టించుకోకపోతే అక్కడి ప్రభుత్వ కార్యాలయానికి, బాఫా అంటారు, రాయొచ్చు. పెద్ద కంపెనీకి ప్రపంచవ్యాప్త టర్నోవర్‌లో రెండు శాతం దాకా జరిమానా పడొచ్చు. నష్టపరిహారం మాత్రం ఆ చట్టం కింద దొరకదు.

ఫ్రాన్స్‌దైతే ఇలాంటిదే 2017 చట్టం ఉంది, అక్కడ నేరుగా కోర్టుకే పోవచ్చు. యూరప్ మొత్తానికి 2024లో ఇలాంటిదే ఒక డైరెక్టివ్ (సభ్యదేశాలు పాటించాల్సిన ఆదేశం) తెచ్చారు, 2025లోనే దాన్ని వెనక్కి జరపటం, పలచన చేయటం మొదలుపెట్టారు. జర్మనీ ప్రభుత్వం కూడా 2025లో తన చట్టాన్ని సడలించే పని మొదలుపెట్టింది. కాబట్టి ఉన్నప్పుడే వాడుకోవాలి.

నల్లగొండ_వకీలు

నేను చేర్చేది ఒకటే. ఫిర్యాదులో "మా ఊళ్లో పిల్లలు పనిచేస్తున్నారు" అని మాత్రమే రాయొద్దు. అలా రాస్తే కంపెనీ చేసే మొదటి పని మీ ఊరిని వదిలేసి పక్క తాలూకాకు పోవటం. కొన్న ధర, ఎకరా క్రాసింగ్‌కు పెద్దవాళ్ల కూలి లెక్క, రెండూ పక్కపక్కన పెట్టండి. ఈ ధరకు పిల్లలు లేకుండా పండించటం కుదరదు, కాబట్టి ఉల్లంఘన ధరలోనే ఉంది అని రాయండి. చెప్పకుండా వదిలి పోవటం కూడా హానే అని ముందే రాయండి. అగ్రిమెంటులో మూడు మాటలు అడగండి: విత్తే ముందే ధర, జీవోటీ రిపోర్టు నకలు, కోత పడితే అది పైనున్న వాళ్లకూ పడాలి.

చౌటుప్పల్_బోరునీళ్లు

మాకు కూడ ఒక కాయితం రాసియ్యి సార్. మందు కొనే కంపెనీల పేర్లు సంపాదిస్త.

నల్లగొండ_వకీలు

సంపాదించు. నీళ్ల టెస్టు రిపోర్టులు ఆర్టీఐ కింద బోర్డును అడుగు, అవి లేకుండా ఏదీ నిలబడదు.

గట్టు_పిలగాడు

ఎకరా లెక్క నేను మా నాయినతోటి కూసుండి రాస్త. కూలి, మిత్తి, మందులు అన్ని. కాని ఒక్క ఇంటి లెక్క ఏం చాలదు. ఇంకా రైతులు కావాలె. సీడు మనిషి అన్నా, మీ లెక్క కూడ కావాలె. కంపెనీ మీకు ఏం ఇస్తది, మీరు మాకు ఏం ఇస్తరు.

సీడు_మనిషి

నా లెక్క చూస్తే నన్నే తిడ్తరు.

గట్టు_పిలగాడు

తిట్టం. పైన ఎంత ఉన్నదో తెల్వాలె గదా.

సీడు_మనిషి

ఇస్త. పేరు మాత్రం ఏడ రావొద్దు. నాకు కూడ వచ్చే ఏడు ఫౌండేషన్ సీడ్ కావాలె.

మల్దకల్_పంతులమ్మ

హాజరు పట్టిక నుంచి నెలవారీ సంఖ్యలు నేను తీసి ఇస్తాను, పిల్లల పేర్లు లేకుండా. హెడ్మాస్టర్‌ను అడగాలి.

పాలమూరు_లేబర్

అయిజ ఊర్ల కూసుంటే నేను గూడ వస్త. లెక్కలు రాయనీకి రాదు, మాట్లాడనీకి వస్తది.

మోడరేటర్

మీటింగ్ వివరాలు, ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టకండి, ప్రైవేటు మెసేజ్‌లో మాట్లాడుకోండి. లెక్క తయారయ్యాక పేర్లు తీసేసి పోస్టు చేస్తే ఇదే చర్చకు జత చేస్తాం.